కామెర్లు కడిగిన నీళ్లు

పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుంది. మా ఇళ్లలో పుట్టిన ప్రతి పిల్లకీ ఈ సంగతి తెలుసు. కొత్త పెళ్లికూతురు గడప దగ్గరికొచ్చినా, బాలింత ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చినా పళ్లెంలో ఎర్రనీళ్లు కలిపి దిష్టి తీస్తాం, తీసి వీధిలో పారబోస్తాం. ఆ ఎరుపు చూసి నెత్తురని భయపడ్డ మనిషిని నేనింతవరకూ చూడలేదు. టాటానగర్‌లోని భాలుబాసాలో ఒక చిన్న బడిలో ఏళ్ల తరబడి సైన్సు చెబుతున్నాను. ఆమ్లాలూ క్షారాలూ పాఠం వచ్చినప్పుడల్లా ఈ ఎర్రనీళ్ల సంగతి చెప్పి పిల్లల్ని నవ్విస్తాను. కానీ ఆ పాఠాన్ని జుగ్సలాయి ముసలాయన పళ్లెం దాకా తీసుకెళ్లింది నేను కాదు, మా మేనకోడలు. అప్పుడది పదో తరగతి చదువుతోంది.

మేం భుయ్యాడీహ్‌లో ఒకే వాకిట్లో రెండు వాటాల్లో ఉంటాం. ఒకదాంట్లో నేను, రెండోదాంట్లో మా తమ్ముడు, మరదలు, వాళ్ల ఒక్కగానొక్క కూతురు. తాత శ్రీకాకుళం వైపు నుంచి ఇనుము పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. తమ్ముడు టాటానగర్ స్టేషన్ యార్డులో కాంట్రాక్టు కింద పనిచేస్తాడు. మా మరదలు పుట్టి పెరిగిందంతా టెక్కలి దగ్గర పల్లె. పెళ్లై ఇక్కడికొచ్చి ఇన్నేళ్లయినా దాని మాటా మర్యాదా ఆ ఊరివే. కూతురేమో మనం తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పే రకం.

ఆ ఏడు చలి తగ్గుతుండగా తమ్ముడి కళ్లు పచ్చబడ్డాయి. కామెర్లు. నేను ఆస్పత్రి అనేలోపే మరదలు అతన్ని ఆటో ఎక్కించి జుగ్సలాయి తీసుకెళ్లిపోయింది. అక్కడ గోదాముల వెనక ఒక ముసలాయన కామెర్లు కడుగుతాడు. కామెర్లొచ్చినవాళ్ల చేతుల మీద సున్నపుతేట పోస్తూ మంత్రం చదువుతాడు. కింద పెట్టిన సత్తు పళ్లెంలోకి నీళ్లు పసుపుపచ్చగా దిగుతాయి. ఒంట్లో ఉన్న కామెర్లే అలా కారిపోతున్నాయని అందరూ నోళ్లు తెరుచుకుని చూస్తారు. తెలుగువాళ్లూ, బిహారీలూ, ఒడియావాళ్లూ అన్న తేడా లేదు, ఈ నమ్మకంలో ఊరంతా ఒక్కటే.

తండ్రికి తోడుగా వెళ్లిన పిల్ల తిరిగొచ్చి చెప్పులు కూడా విప్పకుండా నా వాటాలోకి వచ్చింది.

"అత్తా, వో ధోనే సే పహలే హాథ్ పే కుఛ్ మల్‌తా హై," అంది. కడగడానికి ముందు చేతులకేదో రాస్తున్నాడట.

"ఏటి రాత్తన్నాడు?"

"వహీ తో పతా కర్‌నా హై."

అదే కనుక్కోవాలి అంది. ఆ మాట అంటున్నప్పుడు దాని కళ్లు చూడాల్సింది. ఇన్నేళ్లు పాఠాలు చెప్పాను, ఏ పిల్ల కళ్లలోనూ అంత ఆకలి చూడలేదు. మర్నాటి నుంచి నా వంటిల్లు దాని లాబ్ అయిపోయింది. తమ్ముడు ఖైనీలో కలుపుకునే సున్నం తెచ్చి నీళ్లలో కలిపి తేర్చింది. బంతిపూల రసం రాసి చూసింది, జామ బెరడు చూసింది, తుమ్మ బెరడు చూసింది. చివరికి వీధి చివరింటి మామిడిచెట్టు బెరడు నానబెట్టి, ఆ రసం చేతులకు రాసుకుని ఆరనిచ్చి, మీద సున్నపుతేట పోసింది. పళ్లెంలోకి పసుపుపచ్చ నీళ్లు దిగాయి, అచ్చం జుగ్సలాయి నీళ్లే. పిల్ల గెంతులేసింది. నేనూ వేశాను, నా మోకాళ్ల నొప్పులు కూడా మర్చిపోయి.

ఆ ఆదివారం మా సందు కొళాయి దగ్గర అందరినీ పోగేసి చేసి చూపించింది. మామిడి బెరడు రసమని చెప్పి రాసుకుని, ఏ జబ్బూ లేని తన చేతులు కడిగితే పసుపు దిగింది. "మరి నాకు కూడా కామెర్లా?" అని అడిగింది. జనం గుసగుసలు పోయారు. అప్పుడు ముందుకొచ్చి చేతులు చాపింది చివరింటి కోడలు. ఇచ్ఛాపురం వైపు నుంచి కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల, హిందీ రాదు, ఐదో నెల. మా మేనకోడలు దానికి హిందీ నేర్పేది, అది దీనికి జడలు వేసేది. అదే రసం రాసి కడిగితే ఆ అమ్మాయి చేతుల్నించీ పసుపు దిగింది. "ఓలమ్మ, నాకూ ఉందేటి!" అని పకపకా నవ్వింది. దాంతో అందరూ నవ్వేశారు.

"మరైతే కామెర్లెక్కడ్నించొచ్చినాయే?" అని ఎవరో అడిగారు.

పిల్ల కొళాయి వైపు చూపించింది. మా సందు పైపు మురిక్కాలవలో మునిగి వస్తుంది. అది అందరూ రోజూ చూసేదే. పిల్లకి వాళ్ల కెమిస్ట్రీ మాస్టారు అడుగున మందున్న చిన్న సీసాలు ఇచ్చాడు. నీళ్లు పట్టి మూతపెట్టి వెచ్చగా ఉంచితే, మలం కలిసిన నీళ్లయితే నల్లబడతాయి. మూడు కొళాయిల నీళ్లు పట్టి, పాతచీరలో చుట్టి, వాళ్లమ్మ బియ్యం డబ్బాలో దాచింది. మర్నాటికి మూడూ తారులా నల్లబడ్డాయి. వాటిని ఇంటింటికీ పట్టుకెళ్లి చూపించింది. ఇక చూడండి, మా సందులో ఇళ్లన్నీ నీళ్లు మరిగించడం మొదలుపెట్టాయి. చివరింటి కోడలైతే అత్తగారితో గొడవపడి మరీ మరిగించేది. తమ్ముడికి జబ్బు తగ్గేదాకా అని మా మరదలు బజారు నుంచి నీలం క్యాన్లో నీళ్లు తెప్పించేది.

ఇంతటితో ఆగితే ఆ పిల్ల ఈ రోజు సైన్సు చదువుతుండేది. కానీ దానికి మంచి నమ్మకముంది, నేను నేర్పిన నమ్మకమే. తెలిసింది తెలిసినట్టు చెబితే, చెప్పాల్సిన చోట చెబితే, ఆ పని చేయడానికి మనుషులుంటారు అనుకుంది. ఫోన్లోనే నీళ్ల ఆఫీసుకు ఫిర్యాదు పెట్టింది. క్షణంలో ఫిర్యాదు నంబరు వచ్చింది. ఆ నంబరును పరీక్షలో వచ్చిన ర్యాంకులా అందరికీ చూపించుకుంది. "దేఖా అత్తా? నంబర్ భీ ఆ గయా. అబ్ లాబ్ మే జాయేగా." నంబరు కూడా వచ్చేసింది, ఇక నీళ్లు లాబ్‌కు వెళ్తాయని. పెద్దయ్యాక అలాంటి లాబ్‌లోనే పని చేస్తానంది. పదకొండులో సైన్సు, తర్వాత సూక్ష్మజీవుల చదువు. ఏ కాలేజీలో ఆ చదువుందో కూడా వెతికి పెట్టుకుంది.

కొన్నాళ్లకు మెసేజీ వచ్చింది. మనిషి నీళ్లు పట్టుకెళ్లడానికి వస్తాడు, పొద్దున కొళాయి వచ్చే వేళకి. నమూనా ఎలా పట్టాలో పిల్ల ఫోన్లో చదివింది. కొళాయి మూతి స్పిరిట్‌తో తుడవాలట, మంట చూపించాలట, నీళ్లు కాసేపు వదిలేసి అప్పుడు పట్టాలట. వచ్చే మనిషి దగ్గర ఇవన్నీ ఉంటాయని నేనన్నా వినకుండా ఒక సాసర్లో దూదీ అగ్గిపెట్టే సర్ది కొళాయి గట్టు మీద పెట్టింది. తీరా అదే రోజు దాని బోర్డు పరీక్ష. అందులోనూ సైన్సు. కొళాయి వచ్చి పోయింది, మనిషి రాలేదు. పిల్ల గడియారం చూసుకుంటూ, తల్లికి పదిసార్లు చెప్పి పరీక్షకు పరిగెత్తింది. "అమ్మా, నల్ సే హీ. కొళాయి నీళ్లే." నేనూ బడికి వెళ్లిపోయాను.

ఆ మనిషి మిట్టమధ్యాహ్నం స్కూటరు మీద వచ్చాడు. అప్పుడు ఏ కొళాయిలోనూ చుక్క ఉండదు. ఆ సంగతి మాకంటే అతనికే బాగా తెలియాలి.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మా మరదలు మహా సంతోషంగా ఉంది. ఆఫీసు నుంచి మనిషి వస్తే ఎంత మర్యాద చేసిందో వర్ణించి చెబుతోంది. అరుగు మీద చాప వేసిందట. ఇత్తడి చెంబు చింతపండుతో తోమి, క్యాన్లోని నీళ్లు పోసి ఇచ్చిందట. అతను గటగటా తాగి, ఇంకో చెంబు అడిగి అదీ తాగాడట. ఆ తర్వాత సీసాలు తీసి నీళ్లు కావాలన్నాడట.

"అయితే?" అన్నాను.

"అయితే ఏటి వదినా, ఇచ్చీసినాను. ఆ సీసాలు కూడా ఓపాలి కడిగీసి, క్యాన్లో నీల్లే పోసిచ్చినాను."

పిల్ల పరీక్ష అట్ట చంకలో పెట్టుకుని గుమ్మంలో నిలబడి అంతా వింది.

"కొళాయి నీళ్లు కదే ఇవ్వమన్నది!" అని నేనే అరిచాను.

మరదలికి అర్థం కాలేదు. నిజంగానే అర్థం కాలేదు. "ఏటి వదినా అలగంతారు? గుమ్మంలోకొచ్చినోడు నీల్లడిగితే ఆ పురుగుల నీల్లు పోత్తామేటి? ఇంట్లో మంచి నీల్లెట్టుకుని? ఆడేటనుకుంటాడు మనల్ని? మా యమ్మ నన్నలగ పెంచినాదేటి?"

ఏమంటాం? మా ఊళ్లలో గడపలోకొచ్చిన మనిషికి మంచినీళ్లివ్వడం చేతులకు అలవాటైన పని, ఆలోచించి చేసేది కాదు. ఇంట్లో ఉన్నవాటిలో మేలైనదే పరాయివాడికి పోస్తాం. అలా పోయకపోతే అది బతుకే కాదు. మా మరదల్ని నేను ఈ రోజుకీ ఒక్క మాట అనను. కానీ ఆ సీసాలు తెచ్చినవాడు చుట్టంగా రాలేదు కదా. వాడికి చదువుంది, ఉద్యోగముంది, ఏ నీళ్లు ఎలా పట్టాలో నేర్పించారు. నీలం క్యాను వాడి కళ్లెదురుగానే ఉంది. ఉడికించి శుభ్రం చేసిన సీసాల్ని ఒక ఇల్లాలు బొగ్గుపొడి అంటిన చేత్తో కడుగుతుంటే చాప మీద కూర్చుని చూశాడు. సాసర్లో దూదీ అగ్గిపెట్టే గట్టు మీద అలాగే ఉన్నాయి. మళ్లీ పొద్దున్నే రావాల్సిన శ్రమ తప్పిందని సంతోషించి వెళ్లిపోయాడు. వాడి మీద నాకున్న కోపం చల్లారదు, చల్లారాలని కూడా నాకు లేదు.

మర్నాడే పిల్లని తీసుకుని ఆఫీసుకు వెళ్లాను. అక్కడ కుర్చీలో ఉన్నాయన మర్యాదస్థుడే, కూర్చోమన్నాడు. జరిగింది చెప్పాను. అవి కొళాయి నీళ్లు కావు, మళ్లీ పట్టించండి అన్నాను. నమూనా లాబ్‌కు వెళ్లిపోయింది, ఇక రిపోర్టు వచ్చేదాకా ఏమీ చెయ్యలేనన్నాడు. పిల్ల సంచిలోంచి నల్లబడ్డ సీసా తీసి బల్ల మీద పెట్టింది. ఆయన దాన్ని పెన్నుతో పక్కకు జరిపాడు.

"దేఖియే మేడమ్, లాబ్ బడా హై యా ఇస్ బచ్చీ కీ శీశీ?" లాబ్ పెద్దదా, ఈ పిల్ల సీసా పెద్దదా అని నన్ను అడిగాడు.

"సీసా చిన్నదే. నీళ్లు మాత్రం మా కొళాయివి," అన్నాను హిందీలో, గది అంతా వినబడేలా. ఆయన నవ్వాడు. చెయ్యి చాపి తలుపు చూపించలేదంతే.

బయటికొచ్చాక పిల్ల ఒక ప్రశ్న వేసింది. "అత్తా, లాబ్ వాలే తో సచ్ బోలేంగే న?" లాబ్ వాళ్లయినా నిజం చెబుతారు కదా అని. లాబ్ నిజమే చెప్పింది. తీసుకెళ్లిన నీళ్లు నిజంగా మంచివి. పరికరాలు సరిగ్గా పనిచేశాయి, పరీక్ష చేసిన మనిషెవరో శ్రద్ధగానే చేసి ఉంటాడు. ఆ కాగితంలో ఒక్క అంకె కూడా అబద్ధం కాదు. ఒక పచ్చి అబద్ధాన్ని అంత నిజాయితీగా తయారుచెయ్యొచ్చని నాకు అప్పటిదాకా తెలియదు.

రిపోర్టు మా సందు వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. ముద్రతో సహా. మీ కొళాయి నీళ్లు తాగడానికి పనికొస్తాయి. కింద వార్డు నాయకుడు రెండు చేతులు జోడించిన బొమ్మలు వరసగా పెట్టాడు. మా పిల్ల వెంటనే రాసింది, ఇవి కొళాయి నీళ్లు కావు, మా ఇంట్లో క్యాన్ నీళ్లు, దయచేసి మరిగించడం మానొద్దు అని. రాయడానికి ముందు తల్లి కాళ్లావేళ్లా పడింది. "నా పరువు తియ్యకే. ఆపీసోడికి దొంగ నీల్లిచ్చినానని సందంతా అనుకుంటారే." పిల్ల ఏడుస్తూనే రాసింది. జవాబుగా ఒక పెద్దమనిషి, సర్కారు రిపోర్టుకి వ్యతిరేకంగా వదంతులు పుట్టిస్తే కేసవుతుంది జాగ్రత్త అని పెట్టాడు. సాయంత్రానికి పిల్లని గ్రూపులోంచి తీసేశారు. మరదలు కూతురితో చాలా రోజులు మాట్లాడలేదు.

రెండో ఫిర్యాదు పెట్టాం. అది కూడా వెంటనే నంబరిచ్చింది. కొన్నాళ్లకు మెసేజీ వచ్చింది. మీ సమస్య పరిష్కారమైంది, మా సేవకు ఎన్ని నక్షత్రాలిస్తారు అని.

సందులో ఒక్కొక్క ఇల్లే మరిగించడం మానేసింది. గ్యాసు ఊరికే వస్తుందా? చివరింటావిడ, ఆ కోడలి అత్తగారు, పిల్ల ఎదురుపడితే మొహం మీదే అంది. "ఆపీసే బాగున్నాయని సెప్పీసింతర్వాత ఇంకా గేసెందుకే తగలెట్టడం? సీసాల్లో రంగులేసి మమ్మల్ని బెదరగొట్టీసినావు." కోడలు వెనక నిలబడి నేలచూపులు చూసింది. పిల్ల దాన్ని పక్కకు పిలిచి చాటుగా మరిగించుకోమంది. అత్తగారి వంటింట్లో చాటుగా ఎవరు మరిగిస్తారు?

వానలు పడ్డాక కాలవ పొంగింది. కామెర్లు మళ్లీ వచ్చాయి, ఈసారి నాలుగైదు ఇళ్లలో. చివరింటి కోడలికి నెలలు నిండుతున్న సమయం. మొదట వాంతులన్నారు, తర్వాత ఒళ్లంతా దురద, తర్వాత కళ్లు. కడుపుతో ఉన్నవాళ్లకు నీళ్ల కామెర్లు ఎంత ప్రమాదమో నేను చదువుకున్నదాన్ని కాబట్టి తెలుసు. వాళ్లింటికి పరిగెత్తి ఆస్పత్రికి పంపించాను. బతికింది. బిడ్డ దక్కలేదు. మగబిడ్డ అని చెప్పారు.

ఆస్పత్రిలో ఇచ్చిన చీటీలో, కలుషితమైన నీళ్ల వల్ల వచ్చిన కామెర్లు అని రాసి ముద్ర వేశారు. నీళ్ల ఆఫీసు కాగితం నీళ్లు మంచివంటుంది, దాని మీదా ముద్ర ఉంది. నేను ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. ఏ ముద్రని నమ్మమంటారు పిల్లల్ని?

మా మేనకోడలు ఆ చీటీ చదివి, మడిచి నా చేతిలో పెట్టేసింది. ఆ వారమే పదకొండో తరగతిలో చేరే రోజు. తండ్రితో వెళ్లి కామర్స్‌లో చేరి వచ్చింది. నాతో ఒక్క మాట ముందుగా అనలేదు. మార్కులు తక్కువా అంటే కాదు, సైన్సులో బడికల్లా ఎక్కువ దానివే. "క్యా ఫాయదా, అత్తా," అంది, ఏం లాభం అని. నేను దాన్ని తిట్టాను, బతిమాలాను, కొట్టినంత పని చేశాను. అది వంచిన తల ఎత్తలేదు.

ఆ రోజుల్లోనే మా బడికి రాంచీ నుంచి ఒక పెద్దమనిషి వచ్చి పిల్లలకు ఉపన్యాసమిచ్చాడు. ఈ తరానికి విజ్ఞానం మీద నమ్మకం పోతోందట. ప్రభుత్వ వ్యవస్థల మీద గౌరవం లేదట. ఫోన్లు చెడగొట్టేశాయట. మాస్టర్లం ముందు వరసలో కూర్చుని తలలూపుతున్నాం. నేను మటుకు లేచి బయటికొచ్చి కొళాయి దగ్గర మొహం కడుక్కున్నాను. ఆయన్ని ఏదైనా అంటే ఉద్యోగం పోతుంది. అనకపోతే ఒళ్లు మండిపోతోంది. ఫోనట! మా పిల్ల ఫోన్లో చదివింది నమూనా ఎలా పట్టాలో. దాని నమ్మకం ఎక్కడ పోయిందో నాకు సందుతో సహా తెలుసు. అరుగు మీద చాప వేసిన చోట పోయింది, పెన్నుతో సీసాని పక్కకు జరిపిన బల్ల మీద పోయింది.

ఆస్పత్రి నుంచి వచ్చాక కూడా చివరింటి కోడలి కళ్లలో పచ్చదనం పోలేదు. తగ్గడానికి సమయం పడుతుందని అక్కడ చెప్పారో లేదో గాని, చెప్పినట్టు వీళ్లకెవరికీ గుర్తులేదు. అత్తగారు జుగ్సలాయి తీసుకెళ్తానంది. కోడలు మా పిల్ల తోడొస్తేనే వస్తానంది. నాకు మండిపోయింది. అయినా పిల్ల సరేననేసరికి నేనూ బయలుదేరాను. అక్కడ ఆ ముసలాయన్ని నాలుగు మాటలని కడిగేద్దామన్నదే నా ఉద్దేశం, దాచుకోవడమెందుకు.

గోదాముల వెనక రేకుల పంచ. మిరపకాయల బస్తాల ఘాటు. మేం వెళ్లేసరికి పదిమంది కూర్చుని ఉన్నారు. మా వంతు వచ్చాక ముసలాయన కోడల్ని పీట మీద కూర్చోబెట్టి, దాని రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకున్నాడు. ఎన్నాళ్లయిందమ్మా అని అడిగాడు. ఏం తింటున్నావన్నాడు. బిడ్డ సంగతి అత్తగారు చెబితే, చాలాసేపు ఆ చేతులు అలాగే పట్టుకున్నాడు. కోడలు వెక్కివెక్కి ఏడ్చింది. ఆస్పత్రిలో కూడా దాన్ని ఎవరూ ఇంతసేపు చూసి ఉండరు. నేను అనాలనుకున్న నాలుగు మాటలూ నోట్లోనే ఉన్నాయి.

అప్పుడు కడిగాడు. చేతులకు ఏదో రాసి, సున్నపుతేట పోసి, పెదవులు కదిపాడు. పళ్లెంలోకి పసుపుపచ్చ నీళ్లు దిగాయి. అత్తగారు దణ్ణం పెట్టింది. లేవబోతుంటే ముసలాయన ఆగమని, వేలు ఊపి చెప్పాడు.

"పానీ ఉబాల్ కే పీనా. పూరా ఘర్. బినా ఉబాలే ఏక్ ఘూంట్ నహీ." ఇంటిల్లిపాదీ నీళ్లు మరిగించే తాగాలి, మరిగించనిది ఒక్క గుక్క కూడా వద్దు.

"అలగే బాబా, అలగే," అంది అత్తగారు, చెంపలేసుకుంటూ. సీసాలో రంగులేశావన్న ఆవిడే.

కోడలు తన చేతుల్ని చూసుకుంది, పళ్లెంలో నీళ్లని చూసింది. కొళాయి దగ్గర తను నవ్విన రోజు గుర్తొచ్చిందేమో, మా పిల్ల వైపు తిరిగింది.

"సెల్లీ, ఆ రోజు నువ్వు సెప్పినావు గదా, మామిడి బెరడని. ఇది అదేనేటి?"

అత్తగారు కూడా తిరిగి చూసింది. ముసలాయన చూశాడు. చెప్పవే, అనుకున్నాను. నా వంటింట్లో ఎన్ని బెరడులు నానబెట్టావు, ఎలా గెంతావు, చెప్పవే.

"నాకు తెల్దు అక్కా," అంది మా మేనకోడలు. తెలుగులో అంది.

వాళ్లిద్దరినీ ముందు ఆటోలో పంపించి, మేం వెనక నడుస్తున్నాం. బస్తాల బండ్ల మధ్య దారి కూడా సరిగ్గా లేదు. నేనింక ఆగలేకపోయాను. జబ్బ పట్టుకుని ఆపాను.

"ఎందుకలా అన్నావే? నీకు తెల్దా?"

చెయ్యి విడిపించుకోలేదు. నన్ను చూసింది, పాఠం అర్థంకాని పిల్లని మాస్టరు చూసినట్టు.

"బెరడంటే ఆయన దొంగని తేలిపోద్ది గదా అత్తా. అప్పుడు నీల్లు మరిగించమన్నది కూడా దొంగ మాటే అంతారు."

ఆ సాయంత్రం చివరింట్లో గ్యాసు మీద పెద్ద గిన్నెతో నీళ్లు మరిగాయి. బాబా సెప్పినాడు, బాబా సెప్పినాడు అని ఆవిడ ఇంటింటికీ తిరిగి చెప్పింది. వారం తిరక్కుండా సందంతా మళ్లీ మరిగిస్తోంది. మా మరదలు కూడా.